నరం చెబితే ఇమ్యూనిటీ వింటుందా?

పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయిన మనిషికి ఆ తర్వాత ఎప్పుడో రుమటాయిడ్ ఆర్థరైటిస్ మొదలైందనుకోండి. మామూలుగా ఈ జబ్బు జంటగా కొడుతుంది. కుడిచేతి వేళ్ల కణుపులు వాస్తే ఎడమచేతివీ వాస్తాయి, ఒక మణికట్టు పట్టేస్తే రెండోదీ పట్టేస్తుంది. కానీ ఇలాంటి రోగుల్లో పడిపోయిన పక్క కీళ్లు చాలాసార్లు వాయవు, వాచినా నామమాత్రమే. బాగున్న పక్కనే జబ్బు పీడిస్తుంది. డాక్టర్లు దశాబ్దాలుగా రాసిపెడుతూ వచ్చిన విషయమిది. సోరియాసిస్‌లోనూ ఇలాంటి కేసులున్నాయి. ఆపరేషన్‌లోనో దెబ్బ తగిలో ఒక నరం తెగితే, ఆ నరం పరిధిలోని మచ్చలు మానిపోయాయి. కొన్నాళ్లకు స్పర్శ తిరిగొచ్చాక మచ్చలూ తిరిగొచ్చాయి.

రెండు పక్కలా పారే రక్తం ఒకటే. అందులో తిరిగే యాంటీబాడీలూ, ఇమ్యూనిటీ సైన్యంలోని టి కణాలూ అవే. తేడా నరంలోనే ఉంది. పడిపోయిన పక్క కీళ్లకు కదలిక ఉండదు కాబట్టి అరుగుదల తక్కువ, అందుకే వాపు రాలేదని వాదించవచ్చు. కొంత నిజం కూడా కావచ్చు. అయితే చర్మం మీది సోరియాసిస్ మచ్చకు కదలికతో పనేముంది?

ఇలాంటి సంగతులు విన్నప్పుడు చాలామంది ఒకే మాటకు వచ్చేస్తారు: 'అంతా టెన్షన్ వల్లే'. నాకు ఈ మాట మీద పెద్దగా గౌరవం లేదు. రోగిని ఓదార్చడానికో, ఒక్కోసారి తప్పంతా రోగి మీదకే నెట్టడానికో పనికొస్తుంది తప్ప, లోపల ఏం జరుగుతోందో చెప్పదు. నరం కొసల నుంచి ఊరే చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలు, అంటే న్యూరోపెప్టైడ్లు, ఇమ్యూనిటీని అదుపులో పెట్టే కణాల మీద నేరుగా పనిచేస్తాయి. ఆ పని కొన్ని చోట్ల అదుపును బలపరుస్తుంది, కొన్ని చోట్ల సడలిస్తుంది. ఏ పెప్టైడ్ మంచిది, ఏది చెడ్డది అని జాబితా రాసుకుంటే మాత్రం త్వరగానే తికమక పడతాం.

అదుపు చేసే కణాలు

సొంత ఒంటి మీదే ఇమ్యూనిటీ తిరగబడితే ఆటోఇమ్యూన్ జబ్బు వస్తుందని తెలిసిందే. అంతగా ప్రచారంలో లేని సంగతి ఇంకొకటుంది. అలా తిరగబడగల టి కణాలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఉంటాయి. థైమస్ గ్రంథి చాలావాటిని మొదట్లోనే ఏరిపారేస్తుంది గానీ అన్నీ దానికి చిక్కవు. తప్పించుకున్నవి బతికినంతకాలం రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. మరి అందరికీ జబ్బు ఎందుకు రాదు?

జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో దీనికి గట్టి జవాబు చూపించారు. ఎలుకల్లో సిడి4 అనే రకం టి కణాల్లోంచి, పైపొర మీద సిడి25 అనే ప్రోటీన్ ఉన్న కొద్దిపాటి కణాలను వేరు చేసి, మిగతావాటిని టి కణాలు లేని ఎలుకల్లోకి ఎక్కించారు. వాటికి రకరకాల ఆటోఇమ్యూన్ జబ్బులు వచ్చాయి. వేరు చేసిన కణాలను కూడా ఎక్కిస్తే జబ్బులు ఆగాయి. అవే రెగ్యులేటరీ టి కణాలు, పరిశోధకుల వాడుకలో ట్రెగ్‌లు. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ బృందం 'స్కర్ఫీ' అనే రోగిష్టి ఎలుకల జాతిలో చెడిపోయిన జన్యువును పట్టుకుంది. దాని పేరు ఫాక్స్‌పి3. మనుషుల్లో అదే జన్యువు చెడితే ఐపెక్స్ అనే అరుదైన జబ్బు వస్తుందని కూడా తేలింది. ఆ జబ్బుతో పుట్టిన మగపిల్లలకు నెలల వయసులోనే టైప్ 1 డయాబెటిస్, ఆగని విరేచనాలు, ఎగ్జిమా మొదలవుతాయి. ట్రెగ్‌గా మారాలన్నా, ట్రెగ్‌గా నిలవాలన్నా ఫాక్స్‌పి3 ఉండాల్సిందేనని 2003 కల్లా స్పష్టమైంది. ఈ ముగ్గురికీ 2025లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది.

సిడి4 కణాల్లో ట్రెగ్‌లు సుమారు 5 నుంచి 10 శాతమే. అంత కొద్దిగా ఉండీ అంతమందిని ఎలా ఆపుతాయి? ఒక పద్ధతి, తిండి మిగలనివ్వకపోవడం. టి కణాలు పెరగడానికి కావాల్సిన ఐఎల్-2 అనే ప్రోటీన్‌ను ట్రెగ్‌లు తమ సిడి25తో పీల్చేస్తాయి. మరో పద్ధతి డెండ్రైటిక్ కణాల జోలికి వెళ్లడం. 'ఇదిగో శత్రువు' అని టి కణాలకు చూపించేవి ఈ డెండ్రైటిక్ కణాలే. ట్రెగ్‌లు తమ సిటిఎల్ఏ-4 అనే ప్రోటీన్‌తో వాటి మీదున్న ఉసిగొల్పే అణువులను ఊడపీకేస్తాయి. వీటికి తోడు ఐఎల్-10, టిజిఎఫ్-బీటా అనే శాంతపరిచే సైటోకైన్లను, అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే ప్రోటీన్ కబుర్లను, వదులుతాయి. కొట్లాటకు దిగినవాళ్ల మధ్య నిలబడి ఒకడి చేతిలో కర్ర లాక్కుని, ఇంకొకడిని మాటల్లో పెట్టే పెద్దమనిషి తరహా.

ఇక్కడే ఒక అపోహ. ఆటోఇమ్యూన్ జబ్బు వచ్చిందంటే ట్రెగ్‌లు తగ్గిపోయాయని చాలాచోట్ల రాస్తుంటారు. కొన్ని జబ్బుల్లో, కొన్ని దశల్లో అది నిజమే. కానీ రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగి వాచిన కీలులోంచి నీరు తీసి చూస్తే ట్రెగ్‌లు రక్తంలో కంటే ఎక్కువే కనబడతాయి. అంటే మంట దగ్గరికి చేరుకున్నాయి, ఆర్పలేకపోతున్నాయి. కీలులో పేరుకున్న ఐఎల్-6, టిఎన్ఎఫ్ లాంటి వాపు పెంచే సైటోకైన్లు ట్రెగ్‌ల చేవ తగ్గిస్తాయి, దాడి చేసే కణాలను వాటి మాట విననివ్వవు. కాబట్టి 'ఎన్ని ఉన్నాయి' అనే లెక్క కంటే 'అవి నిలబడ్డ చోట ఏముంది' అన్నది ముఖ్యం. కీలు పొరలో, చర్మంలో, పేగులో నిలబడ్డ ట్రెగ్ చుట్టూ ఉన్నవాటిలో నరాల కొసలు కూడా ఉన్నాయి.

నరం వదిలేది ఏమిటి

న్యూరోపెప్టైడ్లంటే కొన్ని అమైనో ఆమ్లాల గొలుసులు. ఎన్‌కెఫలిన్‌లో అయిదే ఉంటాయి, సబ్‌స్టెన్స్ పి లో 11, ఆల్ఫా ఎంఎస్‌హెచ్‌లో 13, విఐపి లో 28, సిజిఆర్‌పి లో 37. ఎసిటైల్‌కోలిన్ లాంటి మామూలు న్యూరోట్రాన్స్‌మిటర్లు రెండు కణాల మధ్య సందులోకి విడుదలై, క్షణంలో అక్కడే విరిగిపోతాయి, లేదా నరంలోకి తిరిగి చేరతాయి. పెప్టైడ్లను అలా వెనక్కి పీల్చుకునే ఏర్పాటు నరానికి లేదు. వదిలితే వదిలినట్టే. ఎంజైములు కొరికేసేదాకా చుట్టుపక్కల కణజాలంలోకి పాకుతాయి, దారిలో తగిలిన ఇమ్యూన్ కణానికి సరైన రిసెప్టర్, అంటే వాటిని అందుకునే ప్రోటీన్, ఉంటే పని చేసేస్తాయి.

నొప్పిని మోసే నరాల సంగతి మరీ విచిత్రం. వాటిని మనం ఒకవైపు తీగలుగా ఊహించుకుంటాం. చర్మం నుంచి వెన్నుపాముకు వార్త చేరవేయడమే వాటి పని అనుకుంటాం. కానీ నొప్పి తగలగానే అవే కొసలు సబ్‌స్టెన్స్ పి, సిజిఆర్‌పిలను అక్కడికక్కడే బయటికి కక్కుతాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, నీరు ఊరుతుంది, ఎరుపెక్కుతుంది. సూక్ష్మజీవి ఒక్కటీ లేకుండానే వాపు. 1984లో అమెరికా పరిశోధకులు ఆర్థరైటిస్ తెప్పించిన ఎలుకల్లో ఒక తేడా గమనించారు. మోకాలి కంటే చీలమండ ఎక్కువగా దెబ్బతింటోంది. చూస్తే చీలమండకే సబ్‌స్టెన్స్ పి ఉన్న నరాల అల్లిక దట్టంగా ఉంది. మోకాలిలోకి సబ్‌స్టెన్స్ పి ఎక్కిస్తే అక్కడా జబ్బు ముదిరింది.

ఇదంతా వాపు వైపు కథ. అదుపు వైపు కథ పేగులో మొదలైంది.

విఐపి: పేరుకు పేగుది, పని అన్నిచోట్లా

1970లో సామీ సయీద్, విక్టర్ ముట్ పంది చిన్నపేగు నుంచి ఒక పెప్టైడ్‌ను వేరు చేశారు. రక్తనాళాలను వదులు చేస్తోంది కాబట్టి వాసోయాక్టివ్ ఇంటెస్టైనల్ పెప్టైడ్ అన్నారు, పొట్టిగా విఐపి. తర్వాత చూస్తే మెదడులోనూ, ఊపిరితిత్తుల్లోనూ, థైమస్‌కు, ప్లీహానికి వెళ్లే నరాల్లోనూ దొరికింది. కొన్ని టి కణాలు తామే దాన్ని తయారు చేసుకుంటాయని కూడా తేలింది. దీనికి దగ్గరి చుట్టం పిఎకాప్. 1989లో గొర్రె మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి తీశారు. ఈ రెండూ విప్యాక్1, విప్యాక్2 అనే రెండు రిసెప్టర్లను పంచుకుంటాయి. ఖాళీగా ఉన్న టి కణం మీద విప్యాక్1 ఎక్కువ. అదే కణం రెచ్చిపోయాక విప్యాక్2 పైకొస్తుంది. ఈ వివరం గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

2001లో స్పెయిన్‌కు చెందిన మారియో డెల్గాడో, రోసా గోమారిజ్ బృందం ఎలుకల్లో కొలాజెన్ ఎక్కించి ఆర్థరైటిస్ తెప్పించి, ఆపైన విఐపి ఇచ్చింది. కీళ్ల వాపు తగ్గింది, మృదులాస్థి, ఎముక తినిపోవడం కూడా ఆగింది. తర్వాతి కొన్నేళ్లలో ఈ పరిశోధకులే లోపలి దారి విప్పుకుంటూ వెళ్లారు. విఐపి రిసెప్టర్‌కు తగలగానే కణం లోపల సైక్లిక్ ఏఎంపి అనే కబురు అణువు పెరుగుతుంది, అది వాపు జన్యువులను నడిపే ఎన్ఎఫ్-కప్పాబి దారిని మందగింపజేస్తుంది. పెరుగుతున్న దశలో ఉన్న డెండ్రైటిక్ కణానికి ఇది తగిలితే ఆ కణం స్వభావమే మారిపోతుంది. శత్రువును చూపించి ఉసిగొల్పాల్సింది కాస్తా, ఐఎల్-10 వదులుతూ తన దగ్గరికి వచ్చిన టి కణాలను ట్రెగ్‌ల దారి పట్టిస్తుంది. 2005లో ఇలా విఐపితో మలిచిన డెండ్రైటిక్ కణాలను జబ్బు ఎలుకల్లోకి ఎక్కిస్తే ఆర్థరైటిస్‌లోనూ, ఈఏఈ లోనూ గుణం కనిపించింది. మెదడు, వెన్నుపాము మీద ఇమ్యూనిటీ దాడి చేసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను అర్థం చేసుకోవడానికి ఎలుకల్లో తెప్పించే జబ్బు పేరే ఈఏఈ.

ఇంతవరకూ కథ నేరుగా ఉంది. విఐపి ఇస్తే ట్రెగ్‌లు పెరుగుతాయి, జబ్బు తగ్గుతుంది. అలాంటప్పుడు పుట్టుకతోనే విఐపి లేని ఎలుకకు జబ్బు ముదరాలి కదా? 2010లో వచ్చిన ఫలితం దీనికి పూర్తిగా ఎదురు. విఐపి జన్యువు తీసేసిన ఎలుకలు ఈఏఈని తట్టుకున్నాయి. దాడి చేసే టి కణాలు తయారయ్యాయి, మెదడు పొరల దాకా, రక్తనాళాల చుట్టూ దాకా వచ్చి గుమిగూడాయి కూడా. అక్కడి నుంచి నాడీ కణజాలం లోపలికి మాత్రం వెళ్లలేకపోయాయి. అంతకు ఏడాది ముందే పిఎకాప్ లేని ఎలుకల మీద అదే పద్ధతిలో ప్రయోగం జరిగింది. వాటిలో జబ్బు తీవ్రమైంది, ట్రెగ్‌లు తగ్గిపోయాయి. చుట్టాలైన రెండు పెప్టైడ్లు, రెండు ఎదురెదురు ఫలితాలు.

ముడి కొంత విడింది రిసెప్టర్ల దగ్గర. విప్యాక్2 లేని ఎలుకల్లో ఈఏఈ ముదిరింది, దాడి చేసే టిహెచ్1, టిహెచ్17 కణాలు పెరిగి ట్రెగ్‌లు తగ్గాయి. విప్యాక్1 లేని ఎలుకల్లో జబ్బు తేలిగ్గా వచ్చిపోయింది. అంటే ఒకే విఐపి ఒక రిసెప్టర్ గుండా అదుపును నిలబెడుతోంది, ఇంకో రిసెప్టర్ గుండా దాడి కణాల ప్రయాణానికి దారి ఇస్తోంది. బయటి నుంచి పెద్ద మోతాదులో మందుగా ఎక్కిస్తే వచ్చే ఫలితమూ, ఒంట్లో సహజంగా చుక్కలుగా ఊరేది చేసే పనీ ఒకటి కావని కూడా దీనివల్ల తెలిసింది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే ఫలితం ఇదే. విచిత్రమేమిటంటే, విఐపి గురించి రాసే చాలా వ్యాసాల్లో ఇది కనబడదు. 'శాంతి పెప్టైడ్' అనే ముద్రకు ఇది అడ్డం వస్తుంది మరి.

కన్ను చెప్పిన రెండు పాఠాలు

కంట్లో వాపు వస్తే చూపు పోతుంది. అందుకే కన్ను తన హద్దుల్లో ఇమ్యూనిటీని చాలా గట్టిగా అణిచి ఉంచుతుంది. కంటి ముందు గదిలో పెట్టిన పరాయి కణజాలం తిరస్కరణకు గురికాకుండా చాలాకాలం నిలుస్తుందని 1940ల్లోనే పీటర్ మెడావర్ గమనించారు. రక్తనాళాల గోడ అడ్డుగా ఉండటం వల్లేనని అప్పట్లో అనుకున్నారు. 1990ల్లో ఆండ్రూ టేలర్, వేన్ స్ట్రీలీన్ ఆ గదిలోని నీటినే పరీక్షించారు. అందులో ఆల్ఫా ఎంఎస్‌హెచ్ ఉంది. చర్మానికి రంగు తెప్పించే పెప్టైడ్‌గా అప్పటికే అందరికీ పరిచయం ఉన్నదే. అది టి కణాలను దాడి పనిలోంచి తప్పించి, టిజిఎఫ్-బీటా వదిలే అదుపు కణాలుగా మారుస్తోంది. దీనికి కావాల్సింది టి కణం మీద ఎంసి5ఆర్ అనే మెలనోకార్టిన్ రిసెప్టర్, అంటే ఈ కుటుంబం పెప్టైడ్లను అందుకునేది. కంటి ప్రోటీన్ మీద దాడి చేసే యువైటిస్ అనే ఆటోఇమ్యూన్ జబ్బును ఎలుకల్లో తెప్పిస్తే కొన్ని వారాలకు అదే తగ్గిపోతుంది. తగ్గాక వాటి ప్లీహంలో ఆ జబ్బును ఆపగల ట్రెగ్‌లు దొరుకుతాయి. ఎంసి5ఆర్ లేని ఎలుకల్లో ఆ ట్రెగ్‌లు తయారు కావు.

రెండో పాఠం అమెరికాలోని డాలస్‌లో జెర్రీ నీడర్‌కార్న్ ల్యాబ్ నుంచి వచ్చింది. కార్నియా అంటే కంటి ముందుండే పారదర్శక పొర. దాని మార్పిడి ఆపరేషన్‌లో ముందుగా గుండ్రటి కత్తితో కార్నియా మధ్యభాగాన్ని కోస్తారు. ఒంట్లో నరాలు అత్యంత దట్టంగా ఉండే కణజాలాల్లో కార్నియా ఒకటి. ఆ గుండ్రటి కోత దాదాపు నరాలన్నిటినీ ఒక్కసారిగా తెంచేస్తుంది. ఈ ల్యాబ్ వాళ్లు ఎలుక ఒక కంట్లో ఆ కోత మాత్రం పెట్టి ఊరుకున్నారు. కొత్త కార్నియా ఏమీ పెట్టలేదు. ఆ తర్వాత రెండో కంటికి, కత్తి తగలని కంటికి, కార్నియా మార్చారు. మామూలుగా ఎలుకల్లో సుమారు సగం కార్నియాలు నిలుస్తాయి. వీటిలో దాదాపు అన్నీ తిరస్కరణకు గురయ్యాయి. కోసింది ఒక కన్ను, రక్షణ పోయింది రెండు కళ్లకూ. కారణం వెతికితే తేలింది సబ్‌స్టెన్స్ పి. కోత పడ్డాక రెండు కళ్లలోనూ అది పెరిగింది, కార్నియాను కాపాడే ట్రెగ్‌లు పనికిరాకుండా పోయాయి. సబ్‌స్టెన్స్ పి పనిని అడ్డుకుంటే రక్షణ నిలిచింది. హార్వర్డ్ వాళ్లు 2020లో డ్రై ఐ జబ్బు మీద చేసిన పనిలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. అక్కడ సబ్‌స్టెన్స్ పి తన ఎన్‌కె1 రిసెప్టర్ ద్వారా ట్రెగ్‌ల పనితనాన్ని దెబ్బతీస్తోంది. ఆ రిసెప్టర్‌ను మూసేస్తే ట్రెగ్‌లు తిరిగి పనిలోకి వచ్చాయి.

ఒకే కంట్లో ఒక పెప్టైడ్ ట్రెగ్‌లను తయారు చేస్తుంటే ఇంకొకటి వాటిని చెడగొడుతోంది. నరం బాగున్నప్పుడు మొదటిది గెలుస్తుంది, నరం తెగినప్పుడు రెండోది.

పేగులో సిజిఆర్‌పి సంగతి

సిజిఆర్‌పి పేరు ఇప్పుడు మైగ్రేన్ ఉన్నవాళ్లకు బాగా పరిచయం. దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు 2018 నుంచి వాడుకలో ఉన్నాయి. ఇమ్యూనిటీ మీద దీని పని ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. చర్మంలోని లాంగర్‌హాన్స్ కణాలను, అంటే అక్కడి డెండ్రైటిక్ కణాలను, నరాల కొసలు తాకుతూ ఉంటాయని, అక్కడి సిజిఆర్‌పి వాటి జోరు తగ్గిస్తుందని 1993లోనే తెలిసింది. ఆ లెక్కన ఇది శాంతపరిచేది.

2024లో హార్వర్డ్‌లో డయాన్ మాథిస్ బృందం పేగు విషయంలో పెద్ద పని చేసింది. ఎలుకల్లో ఎనిమిది రకాల నాడీకణాలను ఒక్కో రకం చొప్పున విడిగా ఉత్తేజపరుస్తూ, ప్రతిసారీ పేగులోని ఇమ్యూన్ కణాల్లో ఏం మారిందో చూసింది. అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చినవి నొప్పి నరాలే, టిఆర్‌పివి1 అనే చానెల్ ఉన్నవి. వాటిని ఉత్తేజపరిస్తే పేగులోని ట్రెగ్‌లు తగ్గాయి. తగ్గించింది సిజిఆర్‌పి. పేగులోని ట్రెగ్‌లు తగ్గితే అక్కడి సూక్ష్మజీవుల మీద, తిండి మీద ఇమ్యూనిటీ విరుచుకుపడే ప్రమాదం ఉంది. క్రోన్స్, అల్సరేటివ్ కోలైటిస్ అనే పేగువాపు జబ్బులు ఉన్నవాళ్లలో నొప్పిని ఇన్నాళ్లూ జబ్బు ఫలితంగానే చూశాం. నొప్పి నరమే జబ్బుకు ఎంతో కొంత ఆజ్యం పోస్తోందా అని ఇప్పుడు అడగడానికి ఆధారం దొరికింది. ఇది ఎలుకల సంగతేనని గుర్తుంచుకుంటూనే అడగాలి.

కబురు ఎదురు కూడా వెళ్తుంది

ఇంతసేపూ నరం చెప్పడం, ట్రెగ్ వినడం గురించే మాట్లాడుకున్నాం. ట్రెగ్‌లు కూడా న్యూరోపెప్టైడ్లను తయారు చేస్తాయి. 1975లో స్కాట్లాండ్‌లోని అబెర్‌డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ మెదడులో కనిపెట్టిన ఎన్‌కెఫలిన్ ఒంటి సొంత నొప్పి నివారిణి. చర్మంలోని కొన్ని ట్రెగ్‌లు దీని ముడి ప్రోటీన్‌ను తయారు చేస్తాయి, అతినీలలోహిత కాంతి తగిలితే ఆ ట్రెగ్‌లు ఇంకా పెరుగుతాయి. 2025లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు ఇంకా ఆశ్చర్యపోయే సంగతి చెప్పారు. వెన్నుపాము కింది భాగాన్ని చుట్టుకున్న పొరల్లో ట్రెగ్‌లు ఉంటాయి. వాటిని తొలగిస్తే ఆడ ఎలుకల్లో నొప్పి పెరిగింది, మగ ఎలుకల్లో ఏ మార్పూ లేదు. అక్కడి ట్రెగ్‌లు స్త్రీ హార్మోన్ల ప్రభావంతో ఎన్‌కెఫలిన్ వదులుతూ నొప్పి నరాన్ని సద్దుమణిగేలా చేస్తున్నాయి. వాపును ఆపడం అనే తమ అసలు పనితో సంబంధం లేకుండానే ఈ పని చేస్తున్నాయి. ఆటోఇమ్యూన్ జబ్బులు ఆడవాళ్లలోనే ఎక్కువ. నొప్పి బాధ కూడా వాళ్లలోనే ఎక్కువ. అలా ఎందుకన్నది ఈ ఒక్క ప్రయోగంతో తేలిపోదు గానీ, ఆడ, మగ ఎలుకలను కలిపి లెక్కేసి సగటు తీసే పాత అలవాటు ఎంత దాచిపెట్టిందో తెలుస్తుంది.

టెన్షన్ మాటేమిటి మరి

పూర్తిగా కొట్టిపారేయలేం. ఒత్తిడిలో హైపోథాలమస్ సిఆర్‌హెచ్ అనే 41 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను వదులుతుంది, దాంతో మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి ఏసిటిహెచ్ అనే హార్మోన్‌ను, దాంతో అడ్రినల్ గ్రంథి కార్టిసోల్‌ను విడుదల చేస్తాయి. కార్టిసోల్ వాపును తగ్గిస్తుంది. అంటే ఈ దారిలో టెన్షన్ జబ్బును తగ్గించాలి! మరోవైపు, వాచిన కీలులో అదే సిఆర్‌హెచ్ అక్కడికక్కడ తయారై వాపును పెంచుతుంది. తలలో పుడితే ఒక పని, కీలులో పుడితే ఇంకో పని. వీటికి తోడు ఒత్తిడి రెండు రోజులదా, రెండేళ్లదా అన్నది కూడా లెక్కే. 'టెన్షన్ తగ్గించుకోండి' అనే సలహా మంచిదే. ఆ ఒక్కటే ట్రెగ్‌లను పెంచి లూపస్ అనే ఆటోఇమ్యూన్ జబ్బును నయం చేస్తుందని ఎవరైనా కోర్సు అమ్మితే డబ్బు ఇవ్వకండి.

మందుగా ఎందుకు రాలేదు

నిజానికి ఒకటి వచ్చింది, ఎప్పుడో. 1949లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కార్టిసోన్‌తో పాటు ఏసిటిహెచ్‌ను కూడా రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులకు ఇచ్చి అద్భుతమైన గుణం చూసింది. 1950లో నోబెల్ కూడా వచ్చింది. ఏసిటిహెచ్ చేసేదంతా కార్టిసోల్ ద్వారానే అని అప్పుడు అనుకున్నారు. కానీ ఏసిటిహెచ్‌లోని 39 అమైనో ఆమ్లాల్లో మొదటి 13 వరస ఆల్ఫా ఎంఎస్‌హెచ్‌దే. అది ఇమ్యూన్ కణాల మీది మెలనోకార్టిన్ రిసెప్టర్లను నేరుగా తాకగలదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ తిరగబెట్టినప్పుడు కొందరికి ఏసిటిహెచ్ జెల్ ఇంజెక్షన్ ఇప్పటికీ ఇస్తారు.

విఐపి దగ్గరికొస్తే చిక్కు వేరు. రక్తంలో ఎక్కిస్తే ఒకట్రెండు నిమిషాల్లో సగం విరిగిపోతుంది. నిలిచి ఉండేలా ఎక్కువ ఇస్తే బీపీ పడిపోతుంది, ముఖం ఎర్రబడుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. అది ఎంత దూరం వెళ్తుందో చూపించేది విఐపోమా అనే అరుదైన క్లోమం కణితి. విఐపిని అదుపు లేకుండా వదిలే ఆ కణితి ఉన్న రోగులకు రోజుకు లీటర్ల కొద్దీ నీళ్ల విరేచనాలు అవుతాయి, పొటాషియం ప్రమాదకరంగా పడిపోతుంది. ఒళ్లంతటికీ ఒకేసారి ఇవ్వడమంటే, చోటు చూసి పనిచేసే పదార్థాన్ని చోటుతో సంబంధం లేకుండా కుమ్మరించడమే.

అందుకే 2010లో జర్మనీ పరిశోధకులు దాన్ని నేరుగా ఊపిరితిత్తుల్లోకి పీల్పించారు. సార్కాయిడోసిస్ ఉన్న 20 మందికి నాలుగు వారాలు ఇచ్చారు. ఈ జబ్బును కచ్చితంగా ఆటోఇమ్యూన్ అనలేం గానీ, ఊపిరితిత్తుల్లో టి కణాల అలజడే దాని మూలం. చికిత్స తర్వాత ఊపిరితిత్తులు కడిగి తీసిన ద్రవంలో టిఎన్ఎఫ్ తగ్గింది, ట్రెగ్‌లు పెరిగాయి. పోల్చడానికి ప్లాసిబో, అంటే ఉత్తుత్తి మందు తీసుకున్న బృందం లేదు కాబట్టి పెద్ద తీర్పు ఇవ్వలేం. మనుషుల్లో, సరైన చోట ఇస్తే, ట్రెగ్‌ల మీద పని కనబడుతుందని మాత్రం చూపించింది.

సబ్‌స్టెన్స్ పి విషయంలో మందు సిద్ధంగానే ఉంది. ఎన్‌కె1 రిసెప్టర్‌ను మూసే అప్రెపిటాంట్‌ను కీమోథెరపీ వాంతులకు 2003 నుంచి వాడుతున్నారు. నొప్పి తగ్గించడానికి ఈ కుటుంబం మందులు పనికిరాలేదు. ఎలుకల్లో బాగా పనిచేసి మనుషుల్లో తేలిపోయిన మందులకు వీటిని ఇప్పటికీ ఉదాహరణగా చెబుతుంటారు. అందువల్ల కంటి ట్రెగ్‌ల ఫలితాలు చూసి ఆశపడేవాళ్లు ఈ చరిత్రనూ పక్కన పెట్టుకోవాలి. అయితే కంటికి చుక్కల మందు వేయొచ్చు, మందు ఒళ్లంతా తిరగాల్సిన పని లేదు. మిగతా అవయవాలకు లేని వెసులుబాటు అది.

రెండో దారి రిసెప్టర్‌ను ఎంచుకోవడం. విఐపి రెండు తలుపులనూ తడుతుంది కాబట్టే మంచీ చెడూ కలిసి వస్తున్నాయి. విప్యాక్2ను మాత్రమే తాకేలా, త్వరగా విరిగిపోకుండా ఉండేలా మార్చిన పెప్టైడ్లను ల్యాబుల్లో తయారు చేశారు. అలాంటి ఒకదాన్ని 2019లో పార్కిన్సన్స్ నమూనా ఎలుకల మీద వాడితే ట్రెగ్‌ల పనితనం పెరిగింది, మెదడులో డోపమైన్ కణాల నష్టం తగ్గింది. ఆర్థరైటిస్‌కో, మల్టిపుల్ స్క్లెరోసిస్‌కో ఇదే పద్ధతి పనికొస్తుందా అన్నది అక్కడి నుంచి మొదలయ్యే ప్రశ్న. దాడి కణం రెచ్చిపోయాక విప్యాక్2 దాని మీద కూడా పైకొస్తుంది కాబట్టి, మందు తగిలేది ట్రెగ్‌కేనా, ఎదుటి కణానికి కూడానా, జబ్బు ఏ వారంలో ఇస్తే ఎవరికి ఎక్కువ తగులుతుంది అన్నవి ముందు తేలాలి.